సొమ్ము పోయినవాడికి సొమ్ము



మా సీమ పల్లెల్లో "సొమ్ములు" అంటే డబ్బూ నగలూ మాత్రమే కాదు, పశువులు కూడా. "సొమ్ములను తోలుకొని పోయినాడు" అంటే గొడ్లను మేతకు తీసుకొని వెళ్ళినాడని అర్థం. లాటిను భాషలోనూ పశువు 'పెకుస్', ధనం 'పెకూనియా'. ఆ 'పెకుస్' మన సంస్కృత 'పశు' శబ్దానికి జ్ఞాతియే. పశువే ధనమైన చోట, ఆ ధనం పోయినప్పుడు ఏలినవారు ఏమి చేసినారన్నది విచారింపదగిన విషయం.

1876-78 నాటి ధాత కరువు కాలానికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడినది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులోను, మదనపల్లె కడపలోను ఉండేవి. ఆ కరువు తరువాత రిచర్డు స్ట్రేచీ అధ్యక్షతన ఏర్పడిన క్షామ సంఘం 1880లో నివేదిక ఇచ్చినది. దానినుండే క్షామ నిబంధనావళులు పుట్టినవి. 1884 నాటి వ్యవసాయదారుల ఋణాల చట్టం విత్తనాలకూ పశువుల కొనుగోలుకూ అప్పు ఇచ్చే వీలు కల్పించినది. జనం దానిని తక్కావీ అన్నారు. అది సాయమే, కాని తిరిగి తీర్చవలసిన సాయం.

ఇక మేత మాట. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో కొండలు, అడవులు రక్షితారణ్యాలై మందలకు ఆంక్షలు వచ్చినవి. కరువు ముదిరినప్పుడు మాత్రం ఆ అడవులనే మేతకు తెరిచేవారు. నిన్నటి హక్కు నేటి దానమైనదన్నమాట!

స్వతంత్ర భారతంలో 1990 నుండి విపత్తు సహాయ నిధి, 2005 చట్టం తరువాత రాష్ట్ర విపత్తు స్పందన నిధి వచ్చినవి. ఇది అప్పు కాదు, పరిహారం. 2022-23 నుండి 2025-26 వరకు నిర్ణయించిన లెక్కలో పాడి ఆవుకు, గేదెకు 37,500 రూపాయలు, కాడెద్దుకు 32,000, గొర్రెకు, మేకకు 4,000. ఒక కుటుంబానికి పాడి పశువులైతే 3, గొర్రెలూ మేకలైతే 30 వరకే. నూరు గొర్రెలు చచ్చిన కాపరికి డెబ్బది లెక్కలోకి రావు.

ఈ సూత్రం వరదకు కొంత సరిపోతుంది. 2021 నవంబరులో తిరుపతి నీట మునిగినప్పుడు, ఆ నెల 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు, పశువులు ఒక్క పూటలో పోయినవి. నష్టం కంటికి కనబడినది. కరువు అట్లా చంపదు. 2002లో దేశమంతటా నైరుతి వానలు సగటు కంటే 19 శాతం తగ్గినవి. అటువంటి ఏడు రైతు గొడ్డు చచ్చేదాకా చూస్తూ కూర్చోడు. గడ్డి లేక, బక్కచిక్కిన దానిని సంతకు తోలి, వచ్చిన ధరకు అమ్ముకొంటాడు. చచ్చిన పశువుకు పరిహారముంది. అమ్ముడైన పశువుకు లేదు. కొట్టం ఖాళీ కావడం మాత్రం రెండింటా ఒకటే.

అదే నిబంధనల్లో పశు శిబిరంలో పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయల మేత లెక్క ఉన్నది. నాలుగు నెలల ఎండకాలానికి 9,600 రూపాయలు. చచ్చిన ఆవుకు ఇచ్చే 37,500తో బ్రతికిన ఆవును పదిహేను నెలలు మేపవచ్చు. వేళకు అందిన గడ్డిమోపే అసలైన పరిహారమని ఈ లెక్కే చెబుతున్నది.

మీ ఊళ్ళలో కరువునాడు సొమ్ములను ఎట్లా కాచుకొన్నారో పెద్దలను అడిగి వ్రాయండి. ఆ జ్ఞాపకాలు దప్తరాల్లో దొరకవు.

స్వస్తి.