కాలువలో ఒంటరి కెరటం

1834 ఆగస్టు. స్కాట్లండులో ఎడిన్‌బరో దగ్గర యూనియన్ కాలువ. గట్టు మీద నడుస్తూ రెండు గుర్రాలు ఒక పడవను లాగుతున్నాయి. 26 ఏళ్ల ఇంజనీరు జాన్ స్కాట్ రస్సెల్ దాన్నే గమనిస్తున్నాడు. ఉన్నట్టుండి పడవ ఆగింది. నీళ్లు ఆగలేదు. పడవ ముందు సుడులు తిరిగి, నున్నటి గుట్టలా లేచి, తమ దారిన తాము సాగిపోయాయి.

రస్సెల్ గుర్రం మీద వెంటపడ్డాడు. దాదాపు 30 అడుగుల పొడవు, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు, గంటకు 8, 9 మైళ్ల వేగం. మామూలు అల అయితే ఆ పాటికి చెదిరిపోవాలి. ఇది ఒకటి రెండు మైళ్లు రూపు చెడకుండా పరుగెత్తి, చివరికి కాలువ మలుపుల్లో ఎటో తప్పిపోయింది.

మరొకరైతే వింత చూశామనుకుని ఇంటికి పోయేవారు. రస్సెల్ ఇంటి దగ్గర తొట్టి కట్టి, ఆ అలను మళ్లీ మళ్లీ పుట్టించాడు. ఎత్తు పెరిగేకొద్దీ వేగమూ పెరుగుతుందని తేల్చాడు. 1844లో అదంతా నివేదికగా సమర్పించాడు.

పండితులు ఒప్పుకోలేదు. వారిలో ఒకరైన జార్జ్ ఎయిరీ లెక్క ప్రకారం లోతు తక్కువ నీటిలో అల ముందువైపు అంతకంతకూ నిట్టనిలువుగా మారాలి. రూపు నిలవడం కుదరదు. మరో పండితుడు స్టోక్స్‌కూ సందేహమే. కళ్లారా చూసిన అలను కాగితం కాదంది!

లెక్కలో తప్పు లేదు, లోపం ఉంది. అలను నిటారుగా తోసే గుణాన్ని ఎయిరీ పట్టుకున్నాడు గానీ, దాన్ని పరచి చెదరగొట్టే గుణాన్ని వదిలేశాడు. 1871లో ఫ్రాన్స్‌లో బూసినెస్క్ అనే గణితవేత్త రెంటినీ కలిపి చూశాడు. అవి సరితూగిన చోట అల నిలిచింది! రస్సెల్ అప్పటికి బతికే ఉన్నాడు. 1895లో నెదర్లాండ్స్‌లో కోర్టెవెగ్, ఆయన శిష్యుడు డి వ్రీస్ ఆ సమతూకాన్ని చక్కటి సమీకరణంగా రాశారు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

1965లో జబుస్కీ, క్రుస్కల్ అనే శాస్త్రవేత్తలు వేరే చిక్కుముడి విప్పబోయి ఆ సమీకరణం దగ్గరికే చేరారు. కంప్యూటర్‌తో లెక్కించి చూస్తే, ఎత్తైన అల పొట్టి అలను దాటిపోయాక రెండూ చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. వాటికి ‘సోలిటాన్’ అని పేరుపెట్టారు. గాజుతీగలో కాంతి కూడా ఇలాంటి సమతూకంతోనే రూపు చెడకుండా పయనించగలదని 1973లో హసెగావా, టాపర్ట్ లెక్కగట్టారు. 1980లో బెల్ ప్రయోగశాలలో అది కంటికి చిక్కింది.