డీజిల్ ఇంజెక్టరు మరమ్మతు: ఒక చేతిపని చరిత్ర

రుడాల్ఫ్ డీజిల్ 1897లో నిరూపించిన ఇంజనులో ఇంధనాన్ని సిలిండరులోకి చిమ్మడానికి సంపీడిత గాలి అవసరమయ్యేది. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ ఇంజెక్షన్ పంపును పెద్దయెత్తున తయారుచేయడంతో బరువైన కంప్రెసరు అవసరం తగ్గి, డీజిల్ ఇంజను లారీకి, తరువాత కారుకు చేరింది. 1951లో బెంగుళూరులో ఏర్పడిన మైకో సంస్థ ఈ విడిభాగాలను దేశంలోనే తయారుచేసింది. డీజిల్ అంబాసిడర్ కార్లు తెలంగాణ గ్రామసీమల్లో కిరాయి బండ్లుగా తిరిగాయి.

ఇంజెక్టరు అంటే ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్మే పరికరం. దాని కొసన ఉండే నాజిల్‌లోని సూదిని స్ప్రింగు అదిమిపట్టి ఉంచుతుంది. పంపు ఒత్తిడి సుమారు 100 బార్లు దాటాకే అది లేస్తుంది. మరమ్మతులో మసి తుడిచి, అరిగిన నాజిల్‌ను మార్చి, స్ప్రింగుపై షిమ్ అనే పలుచని బిళ్లను చేర్చి ఒత్తిడిని సరిచేస్తారు. సూదిని, దాని గొట్టాన్ని జతగా నూరి అమర్చుతారు కనుక ఒకదాని సూదిని మరొకదానిలో వేయరాదు. చేతిపంపుతో పరీక్షించేటప్పుడు చుక్క కారకుండా తుంపర రావాలి. ఆ ధార చర్మాన్ని చీల్చగలదు కాబట్టి చెయ్యి అడ్డుపెట్టరాదు.

1997లో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ పద్ధతిలో ఒత్తిడి 1,000 బార్లు మించి, ఎలక్ట్రానిక్ నియంత్రణ చేరడంతో, ఇంటివద్ద సాధ్యమైన ఈ పని పాత కార్లకే పరిమితమైంది.