యాభై ఏళ్లు లేటుగా వచ్చిన రివ్యూ: రాజేశ్వరరావు, బాలసరస్వతి జంట పాటల కథ

"తెలుగులో సినిమా పాట తప్ప ఇంకేముంది అన్నా? ఇండీ మ్యూజిక్ అంతా ఇప్పుడిప్పుడే కదా మొదలైంది" అని మా ఉదయగిరి, ఆత్మకూరు పిల్లలు నాతో చాలాసార్లు అన్నారు. ఈరోజు ఎపిసోడ్ వాళ్లకోసమే. 1940ల నాటికే మనకొక జంట ఉంది. సినిమాతో పనిలేని పాటలు పాడి, గ్రామఫోన్ రికార్డులుగా వదిలిన జంట. జనం విన్నారు, నేర్చుకున్నారు, పాడుకున్నారు. ఆ రికార్డుల మంచిచెడ్డలు తూకం వేసి రాసే మనుషులు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చారు. ఆ ఆలస్యం వల్ల మనం ఏం పోగొట్టుకున్నామో చూద్దాం.

ముందు మనుషులెవరో చెప్తా. అబ్బాయి సాలూరు రాజేశ్వరరావు. 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. చిన్నప్పుడే రికార్డులిచ్చారు, 1936 నాటి మాయాబజార్‌లో అభిమన్యుడి వేషం వేశారు. అమ్మాయి రావు బాలసరస్వతీ దేవి. 1928లో పుట్టింది వెంకటగిరిలో. అవును, చీరల వెంకటగిరే! 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, అంతకుముందు మన నెల్లూరు జిల్లానే. నెల్లూరు అనగానే బాలుగారి పేరు చెప్పేవాళ్లు ఊరికి వందమంది దొరుకుతారు. బాలసరస్వతిగారిది వెంకటగిరి అని తెలిసినవాళ్లు ఆత్మకూరు బస్టాండులో నాకు ఒక్కరూ దొరకలేదు.

1940లో గూడవల్లి రామబ్రహ్మం 'ఇల్లాలు' తీశారు. అందులో ఇద్దరూ నటించారు, పాడారు. సంగీతం కూడా రాజేశ్వరరావుదే. అప్పటికి ఆయనకి 18, ఆవిడకి 12. సినిమా ఆడలేదు, పాటలు నిలిచాయి. సినిమాకి బయట కూడా ఈ ఇద్దరూ కలిసి రికార్డులిచ్చారు. 'కోపమేల రాధా' లాంటి యుగళాలు అలా వచ్చినవే.

ఇప్పుడు మనం ఆల్బమ్ అంటాం కదా, అప్పుడు అదేం లేదు. లక్కతో చేసిన పది అంగుళాల ప్లేటు. నిమిషానికి 78 చుట్లు. ఒక్కోవైపు మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. అంటే మొత్తం రెండు పాటలు, అంతే. ఇలాంటి ప్లేట్లని ఫొటో ఆల్బమ్ లాంటి అట్టపుస్తకంలో పెట్టి దాచేవారు. ఆల్బమ్ అనే మాట పాటలకి అంటుకుంది అక్కడే.

ఈ పాటల్లో కొత్తదనం ఏంటి? గొంతు తగ్గించి పాడటం. అంతకుముందు నాటకాల్లో పద్యం ఎత్తుకుంటే ఆఖరి వరసలో కూర్చున్నవాడి దాకా వినపడాలి. మైకు లేదు మరి. 1925 తర్వాత రికార్డింగులోకి మైక్రోఫోన్ వచ్చింది. దాంతో పక్కన కూర్చుని మాట్లాడినట్టు పాడినా రికార్డులో పడేది. భావకవుల మెత్తటి మాట, బెంగాలీ పాట ప్రభావం, దానికి తోడు ఈ మైకు. మూడూ కలిసిన చోట లలిత సంగీతం పుట్టింది. 1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది, ఆ పాటని ఇళ్లల్లోకి తెచ్చింది.

మరి విమర్శకులు ఏం చేశారు? మనకి విమర్శకులు లేక కాదండీ. కృష్ణాపత్రికలో 'సినిమా ఫాన్' పేరుతో కమలాకర కామేశ్వరరావు సినిమా సమీక్షలు రాసేవారు. ఆయనే తర్వాత పెద్ద దర్శకుడయ్యారు. కచేరీలకి కొలతలున్నాయి: రాగం, తాళం, మనోధర్మం. సినిమాకి కథ, నటన ఉన్నాయి. మూడు నిమిషాల లలితగీతాన్ని దేంతో కొలవాలి? కచేరీ కొలతతో చూస్తే తేలిక సరుకు. సినిమా కొలతతో చూస్తే అసలు బొమ్మే లేదు. రెంటి మధ్యలో జారిపోయింది.

ఇక్కడ ఇంకో జంటని పక్కన పెట్టి చూద్దాం. అమెరికాలో డెట్రాయిట్‌కి చెందిన ది వైట్ స్ట్రైప్స్. జాక్ వైట్, మెగ్ వైట్. పెళ్లి చేసుకుని విడిపోయినవాళ్లు, బయటికి మాత్రం అక్కాతమ్ముళ్లమని చెప్పుకునేవారు. 2003లో 'ఎలిఫెంట్' అనే ఆల్బమ్ వదిలారు. విడుదలకి ముందు విమర్శకులకి పంపిన కాపీలు కూడా వినైల్ మీదే పంపారు. అంటే, రాసేవాడు సూది పెట్టి, కూర్చుని వినాల్సిందే! మెగ్ డ్రమ్స్ మరీ పసిపిల్లల వాయింపులా ఉందని కొందరు తీసిపారేశారు. ఆ పాటకి ప్రాణమే అది అని మరికొందరు వాదించారు. ఎవరు రైటో నాకు అనవసరం. ఆ గొడవ అచ్చులో ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా తీసి చదువుకోవచ్చు.

మన జంట విషయంలో అలాంటి గొడవ జరగాల్సినంత జరగలేదు. బాలసరస్వతి గొంతు అంత సన్నగా, అంత మెత్తగా ఉండటం బలమా, బలహీనతా? రాజేశ్వరరావు గొంతు పక్కన అది ఎట్లా ఒదిగింది? అప్పుడే ఎవరో ఒకరు గట్టిగా వాదించి ఉండాల్సింది. 1944లో ఆవిడకి కోలంక జమీందారుగారితో పెళ్లయింది, పాట తగ్గిపోయింది. ఆయన చంద్రలేఖ, మల్లీశ్వరి, మిస్సమ్మలతో సినిమా సంగీతంలో శిఖరానికెళ్లారు. జంట ముగిసిపోయింది.

అసలు రివ్యూ యాభై ఏళ్ల తర్వాత వచ్చింది. రాసింది ఎక్కువగా కలెక్టర్లు, అభిమానులు. వేల రికార్డులు పోగేసిన వి.ఎ.కె. రంగారావుగారు, సైంటిస్టు కొడవటిగంటి రోహిణీప్రసాద్‌గారు, ఈమాట పత్రికలో పాత రికార్డులు వినిపిస్తూ వివరాలు రాసిన పరుచూరి శ్రీనివాస్‌గారు. వీళ్లు లేకపోతే నేను ఈ ఎపిసోడ్ చేయలేను. కానీ ఆలస్యానికి ఒక ఖరీదుంది. ఆ కాలం లేబుళ్ల మీద పాడినవారి పేరు ఉంటుంది, రాసినవారి పేరు చాలాసార్లు ఉండదు. వయొలిన్, తబలా వాయించినవారి సంగతి ఇక చెప్పక్కర్లేదు. విడుదలైన వారంలో ఒకరు అడిగి రాస్తే తెలిసే పేర్లు అవి. యాభై ఏళ్లకి అడగాలంటే మనుషులు ఉండొద్దూ?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో మాకొక మాట ఉంటుంది. సర్వర్ పడిపోతే ముందు లాగ్ ఏం చెప్తుందో చూడు అని. లాగ్ రాయకపోతే ఏం జరిగిందో దేవుడికే ఎరుక. రివ్యూ కూడా అలాంటి లాగే. పొగడ్త కాదు, తిట్టు కాదు. ఫలానా రోజు ఈ పాట విన్నాం, మాకిలా వినపడింది, దీన్ని వీళ్లు చేశారు అని రాసి పెట్టడం. వ్యూస్ లెక్క ఆ పని చేయదు. ఎంతమంది నొక్కారో చెప్తుంది, ఏం విన్నారో చెప్పదు.

బాలసరస్వతిగారు 2025 అక్టోబరులో కన్నుమూశారు. ఇక ఆవిణ్ణి అడగలేం. కానీ ఈరోజు మన వైపు గిటార్ పట్టుకుని సొంతంగా పాట చేస్తున్న పిల్లల్ని అడగొచ్చు. వాళ్ల పాట ఒకటి రెండుసార్లు వినండి. నచ్చినా నచ్చకపోయినా పది లైన్లు రాయండి. పాట ఎవరు రాశారు, ఎవరు వాయించారు, ఎక్కడ రికార్డు చేశారు, తేదీతో సహా. ఉంటానండీ.