కట్టుకోవాలా, కొనుక్కోవాలా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పార్సిప్పనీలో కన్సల్టింగ్ చేసుకునే నాలాంటివాళ్ళు దానికి ఇంకోటి కలుపుకోవచ్చు: స్టోరేజీ కట్టి చూడు! రోజూ వాడే డేటా మన రాకుల్లో, మిగతాది క్లౌడులో ఉంచే హైబ్రిడ్ స్టోరేజీ మనమే కట్టుకోవాలా, రెడీమేడ్‌గా కొనుక్కోవాలా అన్న చర్చ మా వృత్తిలో ఎప్పటికీ తెగదు. మీటింగుల్లో అందరూ అడిగేది టెరాబైటు ఎంత పడుతుందనే. గత ఇరవై ఏళ్ళ చరిత్ర చూస్తే అసలు చిక్కు ధరలో లేదు.

2006 మార్చిలో అమెజాన్ ఎస్3 మొదలైంది. గిగాబైటుకి నెలకి 15 సెంట్ల అద్దె. 2009 సెప్టెంబరులో బ్యాక్‌బ్లేజ్ అనే బ్యాకప్ కంపెనీ తను కట్టుకున్న పెట్టె డిజైను అందరికీ చూపించింది: 67 టెరాబైట్లు, 7,867 డాలర్లు. ఎస్3 మొదటి రేటుతో లెక్కేస్తే అంత డేటాకి ఒక్క నెల అద్దే పదివేల డాలర్లు. ఇంకేం, కట్టుకోవడమే లాభం అనిపిస్తుంది కదా? కానీ ఆ 7,867లో కరెంటు బిల్లు లేదు, రెండో కాపీ లేదు, అర్ధరాత్రి పోయిన డిస్కు మార్చే మనిషి జీతం లేదు.

ఆ మనిషి విలువ 2012 అక్టోబరు 29న శాండీ తుఫాను చెప్పింది. పార్సిప్పనీలో రోజుల తరబడి కరెంటు లేదు. మన్‌హట్టన్‌లో 75 బ్రాడ్ స్ట్రీట్ భవనంలోని డేటా సెంటరుకి జనరేటరు ఉంది, కానీ దానికి డీజిల్ పంపే ఏర్పాటున్న బేస్‌మెంటు మునిగిపోయింది. అక్కడ చోటు అద్దెకి తీసుకున్న కంపెనీల ఉద్యోగులు కూడా వరసగా నిలబడి 17 అంతస్తులు బకెట్లతో డీజిల్ మోశారు. అద్దెకున్నా బకెట్ తప్పలేదన్నమాట.

అలాగని కట్టుకున్నవాళ్ళు నష్టపోయారా? లేదు. డ్రాప్‌బాక్స్ 'మ్యాజిక్ పాకెట్' పేరుతో సొంత స్టోరేజీ కట్టి, 2015 అక్టోబరుకి తన వాడుకరుల డేటాలో 90 శాతం అందులోకి తెచ్చుకుంది. రెండేళ్ళలో సుమారు 7.5 కోట్ల డాలర్లు మిగిలాయని 2018లో ఐపీఓ పత్రాల్లో చూపించింది. అయితే వాళ్ళది 500 పెటాబైట్ల పైమాట, పైగా వాళ్ళ వ్యాపారమే స్టోరేజీ. మందుల కంపెనీకో బ్యాంకుకో ఆ లెక్క వర్తించదు.

మరి కొనుక్కుంటే? స్టోర్‌సింపుల్ కథ వినండి. 2009లో పుట్టిన కంపెనీ. దాని పెట్టె ఆఫీసులో ఉండి, పెద్దగా వాడని డేటాని ముక్కలు చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి క్లౌడులోకి పంపేది. 2012లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఇంతకన్నా భద్రమైన చెయ్యి ఏముంటుంది? అయినా 2022 డిసెంబరుతో ఆ సర్వీసు మూసేశారు. క్లౌడులో ముక్కలున్నా, వాటిని అతికించి ఫైలుగా చూపించగలిగేది ఆ సిస్టమే. కాబట్టి గడువులోపు డేటా అంతా బయటికి లాక్కోక తప్పలేదు. 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ తమ క్లౌడు పూర్తిగా వదిలిపోయేవాళ్ళకి డేటా తరలింపు ఫీజు తీసేశాయి. మంచిదే. కానీ దారిలో టోల్ ఎత్తేసినంత మాత్రాన బండి తాళంచెవి మన చేతికి రాదు కదా!

అందుకని నా లెక్క ఇది. డిస్కులు కొనండి, క్లౌడు అద్దెకి తీసుకోండి, రెండింటినీ కలిపే సాఫ్ట్‌వేరు కూడా కొనుక్కోండి. మూడు మాత్రం ఎవరికీ వదలొద్దు: ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక, ఎన్‌క్రిప్షన్ కీలు, అమ్మినవాడి సాయం లేకుండా ఏడాదికోసారి డేటా బయటికి తీసి చూసుకునే అలవాటు. ఆ మూడో పని కుదరదని అమ్మేవాడు అంటే, ధర ఎంత తక్కువైనా సంతకం పెట్టకండి. గాదె ఎవరిదైనా ఫరవాలేదు, తాళంచెవి మన మొలతాడుకే ఉండాలి.