చెన్నై స్టేట్ బ్యాంకు భవనం - వారసత్వ ప్రాధాన్యం

చెన్నై రాజాజీ రోడ్డుపై, ఓడరేవుకు ఎదురుగా, ఎర్ర ఇటుక గోడలతోను, గుమ్మటాలతోను ఠీవిగా నిలిచియున్న భారతీయ స్టేట్ బ్యాంకు భవనం 1897లో నిర్మింపబడినది. దీనిని నిర్మింపజేసినది బ్యాంక్ ఆఫ్ మద్రాస్. 1843లో ఏర్పడిన ఈ సంస్థ మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులలో ఒకటి. ఆ మూడును 1921లో కలసి ఇంపీరియల్ బ్యాంకుగా రూపొందగా, అది 1955 జూలై 1న స్టేట్ బ్యాంకుగా మారినది.

ఈ భవనం తెలుగువారి చరిత్రలోను భాగమే. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో అంతర్భాగాలు. కాకినాడ, మచిలీపట్నం రేవులలో ఈ బ్యాంకుకు శాఖలుండెడివి. అంతకు మించి, భవన నిర్మాణ గుత్తేదారు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి తెలుగు వైశ్య కుటుంబీకుడు. మద్రాసు హైకోర్టు, కన్నెమరా గ్రంథాలయం కూడా ఆయన చేతుల మీదుగా వెలసినవే. వాస్తుశిల్పులుగా శామ్యూల్ జాకబ్, హెన్రీ ఇర్విన్‌ల పేర్లు గ్రంథస్థమైనవి గాని, నిర్మాత పేరు అంతగా ప్రచారంలోనికి రాలేదు.

శైలి ఇండో-సారసెనిక్. మొగలాయి గుమ్మటాలు, రాజపుత్ర కమానులు, దక్షిణాది శిల్పరీతులు వెలుపల కనుపించును. లోపలి ఏర్పాటు మాత్రం ఐరోపా కార్యాలయానిదే. ఒక బ్యాంకుకు ఇంత అలంకరణ దేనికన్న ప్రశ్న సహజం. మన దేశంలో డిపాజిట్లకు బీమా 1962లో గాని రాలేదు. అంతవరకు సొమ్ము దాచుకొనువారికి సంస్థ పరపతియే పూచీ. ఆ పరపతిని కంటికి చూపునది భవనమే. అయితే ఘనమైన పేరు ఒక్కటే చాలదని 1906లో ఇదే నగరంలో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసినపుడు వేలాది కుటుంబాలకు తెలిసివచ్చినది. ఆ మరుసటి ఏడే ఇండియన్ బ్యాంకు స్థాపితమైనది.

2014 జూలైలో సంభవించిన అగ్నిప్రమాదంలో ఈ భవనం పై అంతస్తు తీవ్రంగా దెబ్బతిన్నది. ఇటువంటి కట్టడాల మరమ్మతులో మెళకువ అవసరం. పాత ఇటుక సముద్రపు గాలిలోని తేమను పీల్చి తిరిగి వెలువరించును. సున్నపు పూత అందుకు అనుకూలించును. సిమెంటు పూత పూసినచో తేమ లోపలనే నిలిచి, ఉప్పు పేరుకొని ఇటుక పొడిగా రాలిపోవును. అందుచేతనే వారసత్వ కట్టడాల నిపుణులు సిమెంటుకు బదులు నానబెట్టి నూరిన సున్నమునే వాడుదురు. ఆ పని తెలిసిన మేస్త్రీలు మాత్రం నేడు అరుదు.