విత్తన పత్తి చేను, బడి గంట: నడిగడ్డ, కర్నూలు ప్రాంతాల బాలికల చదువుపై ఒక పరిశీలన

పిల్లలు బడి ఎందుకు మానేస్తారని అడిగితే మన పరిశోధనల్లో తరచూ వినిపించే జవాబు పేదరికం. అది తప్పు కాదు, కానీ దాంతో చాలా ప్రశ్నలు తేలవు. జూన్‌లో బడిలో కనిపించిన అమ్మాయి ఆగస్టులో ఎందుకు కనిపించదు? అదే ఇంటి అబ్బాయి ఎందుకు కనిపిస్తాడు? కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలోనూ, కర్నూలు జిల్లాలోనూ పాతుకుపోయిన సంకర పత్తి విత్తన సాగును దగ్గరగా చూస్తే జవాబులో కొంత పువ్వు దగ్గర, మిగతాది ధర దగ్గర దొరుకుతుంది.

1970లో గుజరాత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4తో మన దేశంలో సంకర పత్తి వాణిజ్య సాగు మొదలైంది. సంకర విత్తనాన్ని ఏటా కొత్తగా తయారు చేయాల్సిందే. ఆ పనికి యంత్రం లేదు, చేతులే. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను మధ్యాహ్నం దాటాక వెతికి పట్టుకోవాలి. రేకలూ పుప్పొడి తిత్తులూ గోటితో ఒలిచేసి, కీలం మాత్రం దెబ్బతినకుండా మిగల్చాలి. తెల్లవారాక మగ మొక్కల పూలు కోసి తెచ్చి, ఆ కీలానికి పుప్పొడి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఎండ ముదిరేలోపు రుద్దకపోతే కాయ నిలవదు. ఒలవకుండా వదిలేసిన పువ్వు సొంత పుప్పొడితోనే కాయ కట్టి విత్తనపు శుద్ధిని చెడగొడుతుంది. అందుకే క్రాసింగ్ నడిచే రెండు మూడు నెలలూ ఆదివారమని, పండగని సెలవు ఉండదు.

ఈ వేళలను బడి వేళల పక్కన పెట్టి చూడాలి. పుప్పొడి రుద్దే సమయంలో బడిలో పొద్దుటి తరగతులు నడుస్తాయి. మొగ్గ ఒలిచే సమయంలో మధ్యాహ్నపు తరగతులు నడుస్తాయి. రెండింటి మధ్య చేలో కాస్త తెరిపి దొరికేది సరిగ్గా మధ్యాహ్న భోజనం వేళకే. మేకలు కాసే పిల్ల, తమ్ముణ్ని ఎత్తుకునే పిల్ల అరపూటైనా బడికి రాగలదేమో కానీ క్రాసింగ్‌కు కుదిరిన పిల్లకు ఆ వీలు లేదు. నీళ్లు మోయడం, వాకిలి ఊడవడం వంటి ఇంటి పనులు చేనుకు ముందో వెనకో ఎలాగూ ఉంటాయి.

ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, పని నాజూగ్గా చేస్తారు అన్న మాట ఈ సాగులో పదే పదే వినపడుతుంది. నేను దాన్ని కారణంగా ఒప్పుకోను, అది సాకు. పెద్దవాళ్లు ఇదే పని చేయగలరు, చేస్తున్నారు కూడా. తేడా అంతా కూలిలో, బేరంలో ఉంది. విత్తన సాగు ఖర్చులో పెద్ద వాటా కూలీలదే. కంపెనీలు రైతుకు ముందే ఖరారు చేసే కొనుగోలు ధరలో పెద్దల కూలి గిట్టదన్న సంగతిని పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2000ల తొలి ఏళ్లలో చేసిన అధ్యయనాలు బలంగా ముందుకు తెచ్చాయి. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు, రైతుకూ తల్లిదండ్రులకూ మధ్య అడ్వాన్సు ఉంటుంది. పనుల్లేని రోజుల్లో ఆ అడ్వాన్సు తీసుకున్న ఇల్లు సీజన్‌లో పిల్లను వెనక్కి పిలవలేదు. ఇంతా చేసి పేరు మాత్రం తల్లిదండ్రుల అజ్ఞానానికి వస్తుంది!

పేదరికమో తల్లిదండ్రుల అజ్ఞానమో అడ్డన్న వాదనను ఆచరణలో తిప్పికొట్టింది ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఈ సంస్థ ఒక సూత్రాన్ని పట్టుకుని పనిచేసింది: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ఈ కృషికి ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. వయసు మీరిన పిల్లలను ఒకటో తరగతిలో కూర్చోబెట్టి చిన్నబుచ్చకుండా, బ్రిడ్జి క్యాంపుల్లో ఉంచి చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. పేదరికం అలాగే ఉండగానే పిల్లలు బడికి చేరడం, నా దృష్టిలో, ఆ అనుభవంలోని అసలు పరిశోధనాంశం.

చట్టం ఇంత దూరం రాలేదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దగ్గర ఆగిపోతుంది. 2016 నాటి బాలకార్మిక చట్ట సవరణ, బడి వేళల తర్వాత, సెలవుల్లో కుటుంబ పనిలో సాయాన్ని అనుమతించింది. సొంత చేలో సాయంత్రం మొగ్గలు ఒలవడం ఆ గీతలో కొంత ఇముడుతుంది. మర్నాటి పొద్దుటి పని ఇమడదు. కానీ ఒలిచిన మొగ్గకు పుప్పొడి రుద్దకపోతే ఆ శ్రమంతా వృథా.

ఇక లెక్కల సంగతి. బడుల వార్షిక గణాంకాలకు చాలా ఏళ్లు సెప్టెంబర్ 30నే ప్రామాణిక తేదీగా తీసుకున్నారు. అంటే క్రాసింగ్ జోరుగా సాగే రోజులు. అయినా ఆ లెక్కకెక్కేది నమోదైన పేరు, బెంచీ మీద కూర్చున్న పిల్ల కాదు. హాజరు పట్టీ విద్యాశాఖ దగ్గర, విత్తన సాగు వివరాలు వ్యవసాయశాఖ దగ్గర ఉంటాయి. ఆగస్టు నుంచి నవంబర్ దాకా ఊరివారీగా, ఆడపిల్లల హాజరును విడిగా తీసి, విత్తన సాగు విస్తీర్ణంతోనూ ఆ ఏటి కొనుగోలు ధరతోనూ పోల్చి చూడడం తర్వాతి అధ్యయనం చేయాల్సిన మొదటి పని.