భర్థరి గాథ: ఒక వీడ్కోలు పాట

రాయపూరు, బిలాస్‌పూరు మైదానములలో వరిపంటతోపాటు తరతరములుగా పండుచున్న పాటల పంట యొకటి కలదు. భీముని పరాక్రమమును కీర్తించు పండవానీ, లోరిక్–చందాల ప్రేమను పాడు చందైనీ, రాజు సన్న్యాసమును తెలుపు భర్థరి అందు ముఖ్యములు. ఈ మూడింటిలో భర్థరి వీడ్కోలు గాథ.

తెలుగు పాఠకునకు భర్తృహరి క్రొత్తవాడు కాడు. ఎలకూచి బాలసరస్వతి 17వ శతాబ్దిలోను, ఏనుగు లక్ష్మణకవి 18వ శతాబ్దిలోను సుభాషిత త్రిశతిని తెనిగించిరి. ఆ శతకములలో వైరాగ్యము నిశ్చితమైన వాక్కు. లోకమున వ్యాపించిన అమరఫల కథలో రాణి దోషమే రాజు విరక్తికి కారణము. ఛత్తీస్‌గఢీ గాథ వేరొక దారి పట్టినది. గోరఖ్‌నాథుని శిష్యత్వము కోరిన రాజు, తన రాణి సామదేయి వాకిట నిలిచి, ఆమెను “అమ్మా” యని పిలిచి భిక్ష యడుగవలెను. ఆ యొక్క పిలుపుతో దాంపత్యము తెగిపోవును. రాజునకు మోక్షమార్గము దొరకినది. రాణికి మిగిలిన దేమి? శతకమున ఈ ప్రశ్నకు తావు లేదు. గాథకు ఇదియే ప్రాణము.

కారణమును పాడువారి యందు వెదకవలెను. ఉత్తరదేశమున ఈ కథను ప్రధానముగా సారంగి వాయించుచు తిరుగు జోగులు పాడిరి. ఛత్తీస్‌గఢ్‌లో అది స్త్రీల గొంతు చేరినది. విడిచి వెళ్లినవానికంటె విడువబడినదాని పలుకు అక్కడ బలముగా వినిపించుట సహజము. మన స్త్రీల పాటలలో ‘ఊర్మిళాదేవి నిద్ర’ చేసిన పనియు ఇట్టిదే. పురాణము మరచిన స్త్రీని పాట తలచుకొన్నది.

ఈ గాథకు ఖ్యాతి తెచ్చిన గాయని సూరుజ్ బాయి ఖాండే. బాల్యముననే మాతామహుని నోట విని నేర్చినది. పండవానీ గాయని తీజన్ బాయికిని మాతామహుడే గురువగుట గమనింపదగినది. సోవియట్ దేశమున జరిగిన భారతోత్సవములో సూరుజ్ బాయి భర్థరి పాడినది. జీవిక మాత్రము బొగ్గు గనుల సంస్థలో చిరుద్యోగము. తీజన్ బాయిని 2019లో పద్మవిభూషణ్ వరించినది. సూరుజ్ బాయికి ఏ పద్మ పురస్కారమును రాలేదు. 2018 మార్చి 10న ఆమె కన్నుమూసినది.

జీవితమంతయు వీడ్కోలునే పాడిన గాయనికి వేరొక వీడ్కోలు పాట అక్కరలేదు. కాని ఆమె వెడలిపోవుటతో శ్రోతలకు కలిగిన నష్టము శతకపాఠకులకు ఎన్నడును కలుగదు. లక్ష్మణకవి పోయినను పద్యము తాళపత్రమున నిలిచినది. అచ్చున మరల బ్రతికినది. గాథకు నిలయము మరియొక గొంతు మాత్రమే. ధ్వనిముద్రణ స్వరమును దాచగలదు. శ్రోతల యెదుట కథను ఆ పూటకు తగినట్లు పెంచి కుదించు నేర్పును దాచజాలదు. కావున గాథలను పాఠభేదములతో, పాడినవారి పేర్లతో సేకరించుట ఎంత అవసరమో, పాడువారు బ్రతుకు గడుపుకొను ఏర్పాటు అంతకంటె అవసరము. భిక్షాపాత్రతో వచ్చిన జోగికి రాణి ఏమి యిచ్చినదో గాథ చెప్పును; గాయనికి లోకము ఏమి యిచ్చినదో చరిత్ర చెప్పవలసియున్నది.